మైకు పట్టబోతున్న చిన్నికి

చిన్నీ,

సంక్రాంతికి మన ఊళ్లో జరిగే కబడ్డీ పోటీలకు మైకు నీదేనని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. విన్న దగ్గర్నుంచి ఒక పక్క సంతోషం, ఒక పక్క గుండెల్లో దడ. బళ్లో ఆటల టీచరుగా (పీఈటీ) ఉన్నన్నాళ్లూ బడి ఆటల్లో నేనూ మైకు పట్టినదాన్నే. కానీ రాత్రిపూట, ఊరు ఊరంతా కూర్చున్న ఆటకు నన్నెవరూ పిలవలేదు. నిన్ను పిలిచారు. ఈ మాట పక్కింటావిడకు అప్పుడే రెండుసార్లు చెప్పుకున్నాను.

గోరువెచ్చటి నీళ్లు తాగు. గంట ముందే వెళ్లు. స్వెట్టర్ మరిచిపోకు, మంచు బాగా పడుతుంది. ఆట ఎంత రాత్రయినా మీ నాన్న వచ్చేదాకా మైకు బల్ల దగ్గరే ఉండు, ఎవరి బండీ ఎక్కకు.

ఆటగాళ్ల పేర్లు కాగితం చూసి చదవకు. కమిటీ వాళ్ల రాత సగం తప్పులే ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి ఇంటిపేరు, ఊరిపేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుని రాసుకో. పొద్దున్నంతా పొలం పని చేసి సాయంత్రం ఆడడానికి వచ్చే పిల్లలు వాళ్లు. తన పేరు గొట్టం మైకులో ఊరంతా వినిపించడం వాళ్లలో చాలామందికి ఏడాదికి ఒక్కసారి జరిగే సంగతి. చదివింపులూ అంతే. 'ఈ రైడుకు ఐదొందలు' అని ఆసామి చీటీ పంపితే ఎంత నిండుగా చదువుతావో, నూటపదహార్లు పంపిన ముసలాయన చీటీ కూడా అంత నిండుగానూ చదవాలి. వేదిక మీది పెద్దల పొగడ్తలు మాత్రం ఒక్కసారి చాలు. ప్రతి రైడుకూ మధ్యలో వాళ్ల పేర్లెత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

నువ్వు పంపిన వీడియో చూశాను. గొంతు బంగారంలా ఉంది, కానీ ఊపిరాడనివ్వడం లేదు. ప్రో కబడ్డీ చూసి ఆ అరుపులన్నీ పట్టుకున్నట్టున్నావు. అది టీవీ, అక్కడి లెక్క వేరు. రేడియోలో ఉషశ్రీ గారు భద్రాచలం కల్యాణం చెబుతుంటే మా ఇంట్లో పనులన్నీ ఆగిపోయేవి. మేమెవరం అక్కడ లేం కాబట్టి పందిరి, పెళ్లివారు, జీలకర్రాబెల్లం అన్నీ ఆయన మాటల్లోనే చూడాలి. నీ ముందున్న జనం కోర్టు చుట్టూనే ఉంటారు. రైడర్ కాలు చాపాడనీ డిఫెండర్ చీలమండ పట్టాడనీ వాళ్లకు కనబడుతూనే ఉంటుంది. వెనక వరస వాడికి తెలియనిది చెప్పు. వచ్చింది ఎవరు, వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాక ఇది మూడో రైడ్ కాబట్టి పాయింట్ తేకపోతే అవుటేనా, అవతల ఎంతమంది మిగిలారు, బోనస్ ఉందా లేదా, టైమ్ ఎంత. ఆరుగురికి తగ్గితే బోనస్ లేదని నువ్వు గుర్తుచేయకపోతే బోనస్ గీత తొక్కిన ప్రతిసారీ జనం గోల చేస్తారు, ఆ తిట్లు అంపైర్ తింటాడు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. రైడర్ కూత మీద ఉన్నప్పుడు నోరు మూసుకో. కూత తెగిందా లేదా అన్నది అంపైర్ చెవితో వినాలి. నీ మైకు మోగుతుంటే ఆయనకు ఏం వినిపిస్తుంది? పిల్లవాడు నడిగీత దాటేలోపు పేరు చెప్పి ఆపు. వెనక్కి వచ్చాక, అంపైర్ చెయ్యి లేచాక అప్పుడు మాట్లాడు. అంపైర్ కంటే ముందు పాయింట్ ఇచ్చేశావంటే గొడవ నువ్వు పెట్టినట్టే.

అప్పుడు కూడా ముందు స్కోరు చెప్పు. సంజయుడు చేసిందదే. యుద్ధభూమి నుంచి పదో రోజున ధృతరాష్ట్రుడి దగ్గరకు వచ్చి, భీష్ముడు పడిపోయాడని ముందు చెప్పేశాడు. రాజు అడిగాకే మొదటి నుంచి చెప్పుకొచ్చాడు, భగవద్గీత కూడా ఆ చెప్పడంలోదే. వినేవాడు చూపు లేనివాడు, పైగా బరిలో ఉన్నవాళ్ల తండ్రి. అలాంటివాడిని ఊరించడానికి సంజయుడికి మనసు రాలేదు. ఓడుతున్న జట్టు వాళ్ల అమ్మలూ నాన్నలూ నీ ఎదురుగానే కూర్చుని ఉంటారు తల్లీ, వాళ్ల పిల్లవాడి ఒళ్లు మీద, రంగు మీద ఒక్క మాట కూడా దొర్లకూడదు.

మైకు షాకు సంగతి. మంచుకు నేల తడిగా ఉంటుంది, ఆంప్లిఫయర్‌కు ఎర్తింగ్ ఉందో లేదో మైకుసెట్టు అబ్బాయిని అడిగి, వైరు చూపించమను. రబ్బరు చెప్పులతో ఉండు. మొదటిసారి అతన్నే పట్టుకోమను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మీ నాన్నమ్మ కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేది, గుర్తుందా? బావి దగ్గర జారిపడిందని మీ పిల్లలందరికీ చెప్పాం. అది నిజం కాదు.

నేను హైస్కూల్లో ఉన్న రోజులు. సంక్రాంతి పోటీలకు మైకు మీ తాతయ్యదే. నాటకాల్లో సూత్రధారుడి వేషం కట్టిన గొంతు అది, నీకొచ్చింది ఆ గొంతే. పక్క ఊళ్ల వాళ్లు ఆటకు ఎంత వచ్చేవారో ఆయన మాట వినడానికీ అంతే వచ్చేవారు. ఆ ఏడు కోర్టుకు రెండు పక్కలా సరుగుడు బాదులు కట్టి, పైన తాటి దూలాలు వేసి మెట్లు లేపారు. తూర్పు పక్క ఆడవాళ్లు. ఫైనల్ మధ్యలో టప్పుమని చప్పుడైంది. ఒక బాదు విరిగింది. ఒక్కటే. మిగతా కట్టంతా నిలబడే ఉందని తర్వాత చూసిన వడ్రంగి కూడా చెప్పాడు. మీ తాతయ్య మాత్రం ఆ చప్పుడు వింటూనే 'కూలిపోతోంది, దూకండి, దూకండి' అని మైకులో కేక పెట్టాడు.

ఆ గొంతు కూర్చోమంటే కూర్చునే జనం, దూకమంటే దూకారు. అందరూ ఒక్క పక్కకే. ఆ తోపిడికి కట్టు ఒరిగి పడిపోయింది. మీ నాన్నకు అప్పటికి రెండేళ్లు, మీ నాన్నమ్మ ఒళ్లో ఉన్నాడు. వాడిని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని తను కింద పడింది, మోకాలి మీద దూలం పడింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు. కానీ ఆ రాత్రి ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారంతా ఆమె మూలుగు, ఆయన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. పెళ్లాం బిడ్డ అటు పక్క ఉన్నారని మొగుడిగా అరిచాడు. మైకు చేతిలో ఉన్నప్పుడు అలా అరవడానికి లేదు. ఆయన మళ్లీ మైకు పట్టలేదు. నా పెళ్లిలో చదివింపులు చదవమన్నా పక్కాయన చేతికిచ్చేశాడు. బావి కథ మీ నాన్నమ్మే అల్లింది, మనవలు ఆయన్ని ఆ కళ్లతో చూడకూడదని.

అలాంటిదేమైనా అయితే ముందు రిఫరీ చేత విజిల్ వేయించి ఆట ఆపించు. అప్పుడు అందరి కళ్లూ నీ వైపు తిరుగుతాయి. మామూలు గొంతుతో, 'తూర్పు పక్క అమ్మలు ఎవరూ లేవకండి, ముందు కింది మెట్టు వాళ్లు దిగి చెరువుగట్టు వైపు నడవండి' అని చెప్పు. ఎవరు ముందు, ఎటు వైపు, అంతే. అదే మాట అదే గొంతుతో మళ్లీ మళ్లీ చెప్పు. 'కూలుతోంది', 'మంటలు', 'పరుగెత్తండి' అన్న మాటలు నీ నోట రాకూడదు.

సూర్యాపేటలో 2021 మార్చిలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల మొదటి రోజే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. అక్కడ మైకు తప్పేం లేదు, గ్యాలరీయే కూలింది. అయినా టీవీలో అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నాను, పగలే వెళ్లి మెట్ల కింద దూరి చూడు. కట్లు తాడుతో కట్టారా, బోల్టులు బిగించారా అడుగు. జనం మెట్లు పట్టక అంచుల మీద వేలాడుతుంటే ఆట మొదలుపెట్టనని మైకు కింద పెట్టేయి. కమిటీ వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

నేను భోగి సాయంత్రానికి వస్తాను. ఈలోపు జట్ల జాబితా చేతికి రాగానే వాట్సాప్‌లో పంపు. రాత్రి ఫోన్ చేస్తాను, పేర్లన్నీ ఒకసారి నాకు చదివి వినిపించు.

మీ పెద్దత్త