చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ మళ్ళీ వస్తోందా? సెన్సార్ కొనే ముందు దానికి కరెంటు అందుతోందో లేదో చూడండి

దయచేసి మూడో సెన్సార్ కొనకండి.

మీరు రాసింది చదువుతుంటే 2019లో నా బండి కథే మళ్ళీ చదివినట్టుంది. మీకు ఆరు నెలల్లో నాలుగుసార్లు లైటు వెలిగిందన్నారు, ప్రతిసారీ స్కానర్‌లో పీ0135 కోడ్, రెండుసార్లు ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్పు, బండి విశాఖ లాసన్స్ బే కాలనీలో ఆరుబయటే పార్కింగ్. నాదీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాకే, 2014 మోడల్. మా ఇల్లు పెదవాల్తేరు. సెల్లార్‌లో చోటు లేక కారు రాత్రంతా సముద్రపు గాలిలోనే ఉండేది.

పీ0135 అంటే ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. సర్క్యూట్ అనే మాట గుర్తుపెట్టుకోండి. ఆ సెన్సార్ సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ సరిగ్గా పనిచేయదు, అందుకే త్వరగా వేడెక్కడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. దానికి కరెంటు ఫ్యూజ్, రిలే, వైరు, కనెక్టర్ దాటుకుని రావాలి. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, చూపించేది అదే కోడ్. అది ఏ దారిలో తేడా ఉందో చెబుతుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు.

నేను వెళ్ళిన గ్యారేజీలో స్కానర్ పెట్టారు, కోడ్ చూశారు, సెన్సార్ మార్చారు, కోడ్ చెరిపేశారు. మూడు వారాలకి మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త సెన్సార్‌లోనే లోపం ఉందన్నారు, మళ్ళీ మార్చారు. రెండింటికీ కలిపి తొమ్మిది వేలు దాటింది. వానలు పడ్డాక మళ్ళీ లైటు.

అప్పుడు నేనే చిన్న బ్లూటూత్ స్కానర్ కొన్నాను. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లకి ఓబీడీ-2, అంటే ఇంజిన్ తేడాలని కోడ్‌లుగా చూపించే ఏర్పాటు, ఉంటుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. అందులో నాకు దారి చూపించింది ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో అక్కడ నమోదై ఉంటుంది. నా బండిలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 31 డిగ్రీలు, స్పీడు సున్నా. అంటే పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే, ఇంకా వీధి దాటకముందే. రాత్రి తేమ పట్టిన రోజుల్లోనే వస్తోంది. గ్యారేజీకి తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నం, అంతా ఆరిపోయి ఉండేది. వాళ్ళకి ఏమీ దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ వివరాలు రాసుకుని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్, ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇంజిన్ చల్లారాక సెన్సార్ కనెక్టర్ ఊడదీసి, బండివైపు పిన్నుల్లో మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపించింది. నేనైతే అక్కడితో సరే అనుకునేవాణ్ణి. ఆయన 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తీసి, ఒక వైరు ఆ సప్లై పిన్నుకి, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్‌కి కలిపారు. బల్బు గుడ్డిగా వెలిగింది. మీటర్ 8 వోల్టులకి పడిపోయింది. అదే బల్బుని నేరుగా బ్యాటరీకి పెడితే కళ్ళు చెదిరేలా వెలిగింది. "సెన్సార్‌కి ఏటీ అవ్వలేదు బాబూ, దానికి కరెంటే అందట్లేదు" అన్నారు.

టార్చి వేసి చూపిస్తే ఆ పిన్ను లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. గుడి గంట మీద పడుతుందే, అచ్చం అలాంటిదే. వైరు పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, రెండంగుళాలు వెనక్కి కోస్తే లోపల రాగి తీగలు నల్లబడి పొడిపొడిగా రాలాయి. మల్టీమీటర్ తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి అలాంటి తీగలోంచి కూడా 12 వోల్టులు కనిపిస్తుంది. ఒకటిన్నర యాంపియర్ లాగితే కుదేలైపోతుంది. మంచి రాగి వచ్చేదాకా కోసి, కొత్త వైరు సోల్డర్ చేసి, పిన్నులు మార్చి, కనెక్టర్‌లో తేమ చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టారు. మొత్తం ఏడు వందలు. మొదటిసారి తీసేసి డిక్కీలో పడేసిన కంపెనీ సెన్సార్ హీటర్‌ని కొలిస్తే, ఒకే రంగులో ఉండే రెండు వైర్ల మధ్య 6 ఓమ్‌లు. నిక్షేపంగా ఉంది. ఆ రోజు నిజంగా బాధేసింది. 2022లో బండి అమ్మేదాకా ఆ లైటు మళ్ళీ రాలేదు.

అందుకే మీ ఎలక్ట్రీషియన్‌ని ఆ బల్బులాంటి లోడ్ పెట్టి చూడమని అడగండి. సూదితో వైరు పొడిచి చూస్తానంటే వద్దనండి. మన ఊళ్ళో ఆ చిన్న కన్నంలోంచే ఉప్పుగాలి దూరి తీగని తినేస్తుంది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ బోల్టు కూడా విప్పి శుభ్రం చేయించండి. ఎలుకలు కొరికాయేమో చూడమనండి.

ఇది ఒక్క ఆక్సిజన్ సెన్సార్ సంగతే కాదు. గాజువాకలో మా బావమరిది సెడాన్‌కి పీ0171, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదని వస్తే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ మార్చమన్నారు. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచి తగ్గిస్తోందో చెప్పే లెక్క, చూస్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ప్లస్ 22 శాతం, 2500 ఆర్‌పీఎమ్‌లో ప్లస్ 6. ఐడిల్‌లోనే అంత ఎక్కువుంటే సెన్సార్ దాటాక ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోందని అనుమానించాలి. థ్రాటిల్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం మడతలో చీలిక దొరికింది.

లైటు వదిలేసి నడపొచ్చా అన్నారు. నిలకడగా వెలిగి, బండి మామూలుగా ఉంటే కొన్నాళ్ళు నడుస్తుంది. కానీ వెలుగుతున్న లైటు చాటున ఇంకో కోడ్ వచ్చినా మీకు తెలియదు. లైటు టపటపా కొట్టుకుంటే మాత్రం పక్కకి ఆపేయండి. అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. కాలని పెట్రోల్ వెళ్ళి, పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖర్చు సెన్సార్‌కి ఎన్నో రెట్లు.

ఇంకొకటి, బ్యాటరీ టెర్మినల్ తీసి లైటు ఆర్పకండి, ఎవరినీ ఆర్పనివ్వకండి. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. ఈసారి వెలగగానే ఆ స్క్రీన్ ఫోటో తీసి, ముందురోజు రాత్రి వాన పడిందో లేదో కూడా రాసి ఇక్కడ పెట్టండి. కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో చూసి చెబుతాను.