ముఖానికి సబ్బు రాసుకుంటే తూలిపోతున్నాను... వయసు వల్లేనా?

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. 15 ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా నడకలో బ్యాలెన్స్ తప్పుతోంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే తూలి పడబోతున్నాను. పడిపోతానని పిల్లలు గడప దాటనివ్వడం లేదు. ఇది వయసు వల్లేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వయసు మీదకు నెట్టేసి ఊరుకోకండి. మీరు సబ్బు సంగతి రాయడం చాలా మంచిదైంది. మనం తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ సాయం పట్టాలి. షుగర్‌తో కాళ్ల నరాలు దెబ్బతింటే పాదానికి నేల సరిగా తెలియదు. ఆ లోటును కళ్లు కప్పిపుచ్చుతాయి. కళ్లు మూయగానే ఆ ఆసరా కూడా పోతుంది. చీకట్లో నడిచినా అంతే. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం, దూది మీద అడుగేసినట్టు ఉండటం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

పాదాల స్పర్శ పరీక్ష, రక్తంలో విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గొచ్చు. దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి. త్వరగా కనిపెడితే చాలావరకు సరిచేయొచ్చు. అలాగని మాత్రలు సొంతంగా ఆపొద్దు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 3 నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడమనండి. పడుకున్నప్పటికన్నా నిలబడ్డాక పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే మందులు సరిచూడాలి. బీపీ, ప్రోస్టేట్, నిద్ర మాత్రలతో ఇలా తూలేవాళ్లను తరచూ చూస్తుంటాను.

పిల్లల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ కూర్చోబెడితే తొడ కండరాలు తగ్గిపోయి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఈ మాట వాళ్లకు చదివి వినిపించండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి, వీలైతే చేతులు ఆనించకుండా, 10 సార్లు లేచి కూర్చోండి. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించండి. అక్కడే ఒక పాదం ముందు మరో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడండి. మొదట్లో పక్కన ఎవరైనా ఉండాలి. వారానికి కనీసం 3 రోజులు చేయండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి, తేడా మీకే తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే మరీ మంచిది.

ఈలోగా బాత్రూంలో స్టూలు మీద కూర్చునే ముఖం కడుక్కోండి. గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. రాత్రి లేచి వెళ్లే దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. ఎప్పుడైనా ఉన్నట్టుండి తూలుతూ, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి, కాలు పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.