‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అనవచ్చా?

సందేహం: ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. ‘యువకుడు ఆత్మహత్య చేసుకున్నాడు’ అని నేను రాస్తే, మా సీనియర్ ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని దిద్దారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవేనమ్మా. కానీ రెండూ ఒకటి కావు. మీరు మొదట రాసిందే మంచి మాట.

‘పాలు’ అంటే వంతు. ‘కష్టాల పాలయ్యాడు’, ‘నిప్పుల పాలైంది’ అన్నప్పుడు వినపడేది ఆ పాలే. దానికి ‘పడు’ చేరి ‘పాలుపడు’, ‘పాల్పడు’ అయింది. ఒకదానికి లోనవడం, పూనుకోవడం అని అర్థం. పుట్టుకలో ఏ నిందా లేదు. తర్వాత పట్టిన సావాసమే చెడ్డది. ఏ రోజు పేపరైనా తీసి చూడండి: దొంగతనానికి పాల్పడ్డారు, అవినీతికి పాల్పడ్డారు, దాడికి పాల్పడ్డారు. అన్నదానానికి పాల్పడ్డాడని ఎవరైనా అంటారా? ఈ క్రియ తగిలించగానే చనిపోయిన మనిషి వెళ్లి నేరస్థుల వరసలో నిలబడతాడు. అది చదివేది అతని తల్లి కూడా.

ఒకప్పుడు ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ దాన్ని మార్చింది. వేరేలా రుజువైతే తప్ప ఆ వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంది. డెస్కు మాట మాత్రం పాతదే.

ఒక్క మాటకు ఇంత పట్టింపా అని మీ సీనియర్ అడగవచ్చు. జర్మన్‌లో దీనికి మూడు మాటలున్నాయి. ఒకటి ‘తన్ను తాను హత్య చేసుకోవడం’, ఒకటి ‘స్వేచ్ఛామరణం’, ఇంకొకటి ఏ రంగూ లేని లాటిన్ మాట. ఈ మాట ఒక్కటే మార్చి, అవే వార్తలను వేర్వేరు గుంపులతో చదివించిన పరిశోధన 2018లో అచ్చయింది. ‘స్వేచ్ఛామరణం’ అని చదివినవాళ్లు తర్వాత తామూ ఆ మాటే ఎక్కువగా వాడారు. నయంకాని జబ్బున్నవారి ఆత్మహత్యను ఎక్కువగా సమర్థించారు కూడా. అందుకే ‘తనువు చాలించాడు’ వంటి మెరుగు మాటలు కూడా నాకు భయమే, ముఖ్యంగా ఇంటర్ ఫలితాల రోజుల్లో. వియన్నాలో 1987లో పత్రికలు మెట్రో ఆత్మహత్యల గురించి రాసే తీరు మార్చుకుంటే, ఆ ఏడాది రెండో సగంలో అక్కడ అలాంటి ఘటనలు 80 శాతానికి పైగా తగ్గాయి.

‘ఆత్మహత్య’లోనూ హత్య ఉంది కదా అనకండి. నలిగి నలిగి అది ఒకే మాట అయిపోయింది, విడదీసి ఎవరూ వినరు. అదీ ఇబ్బంది అనిపిస్తే ‘ప్రాణం తీసుకున్నాడు’ అనండి. ఇళ్లల్లో పెద్దవాళ్లు అనే మాటే అది.

ఇంకొకటి. ‘ఆత్మహత్యాయత్నం విఫలమైంది’ అని ఎప్పుడూ రాయకండి. బతకడం వైఫల్యం ఎలా అవుతుందమ్మా? ‘ప్రాణాలతో బయటపడింది’ చాలు. వార్త కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 వేయండి. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.