రెండు రూపాయల వడ్డీయే కదా!

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 90 వేలు, ఇంటి ఖర్చు 48 వేలు. తుళ్లూరు దగ్గర 40 లక్షలకు ప్లాటు బేరం కుదిరింది, సొంత డబ్బు 15 లక్షలు పెడుతున్నా. మిగతా 25 లక్షలు తెలిసిన ఫైనాన్షియర్ రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. హామీగా నాన్నగారి ఇల్లు తన పేర రిజిస్టర్ చేయాలట, అప్పు తీరాక తిరిగి రాసిస్తాడట. ఏడాదిలో ప్లాటు అమ్మి తీర్చేద్దామని ఆలోచన. ఎఫ్‌డీలన్నీ తీసేయగా బ్యాంకులో 60 వేలు ఉంటాయి. 50 వేలు బయానా ఇచ్చాను. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి, అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నాను.

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీకు నెలకు 50 వేలు. ఇంటి ఖర్చుతో కలిపితే 98 వేలు, జీతమేమో 90. ఏ ఆపదా లేని నెలలోనే 8 వేలు తరుగు. ఆ తరుగు పూడ్చడానికే ఎనిమిదో నెలకల్లా మీ 60 వేలు ఊడ్చుకుపోతాయి.

ఆరు నెలల ఖర్చు పక్కన లేకుండా స్థలం మాట ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? వడ్డీ కూడా ఖర్చే. మీ లెక్కకు 5.88 లక్షలు ఉండాలి. ఉన్నదానితో, ఉద్యోగం పోతే, పద్దెనిమిది రోజులు గడుస్తాయి. రాత్రి రెండింటికి నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్తే, అడ్వాన్సు కట్టమన్న కౌంటర్లో తుళ్లూరు ప్లాటు కాగితాలు పెడతారా? ముందు ఆ 15 లక్షల్లోంచి ఆరు లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆయనకు ఆరోగ్య బీమా లేకపోతే ఈ వారమే చూడండి.

ఏడాదిలో అమ్మేస్తారా? 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే మీ పక్కనే అమరావతిలో, అంటే ఈ తుళ్లూరు చుట్టుపక్కలే, బేరాలు ఎలా చచ్చిపోయాయో మీకు నేను చెప్పాలా? 2024 జూన్‌లో ప్రభుత్వం మారేదాకా నాలుగున్నరేళ్లు. అంతకాలానికి మీ అప్పు మీద వడ్డీ 27 లక్షలు, తీసుకున్న అసలేమో 25. పైగా అప్పుకు మీరు రాసిచ్చే ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దానిమీద కోర్టుకెళ్లినా చెల్లదు కనుక, ఆలోపే ఫైనాన్షియర్ కూర్చోబెట్టి నోటు తిరగరాయిస్తాడు. అప్పటిదాకా వడ్డీ కట్టలేకపోయి ఉంటే అదంతా అసల్లో కలిసి 43 లక్షలు, నెల వడ్డీ 86 వేలు. ఒకవేళ నిజంగానే ఏడాదిలో లాభానికి అమ్మినా, ఆ లాభం మీ జీతంలో కలిసి పన్ను పడుతుంది.

ఇక ఇల్లు. పేరు మార్చి రిజిస్టర్ చేస్తే అది తాకట్టు కాదు, అమ్మకం. తిరిగి రాసిస్తానన్న మాట ఏ దస్తావేజులో ఉంది? 2015లో విజయవాడ కాల్‌మనీ కేసులు, అధిక వడ్డీకి అప్పిచ్చి ఆస్తులు రాయించుకున్న ఉదంతాలు చూసినవాళ్లం, అప్పుడే మరిచిపోయామా?

బ్యాంకును ప్లాటు లోను అడగండి. ఇవ్వబోమంటే కారణం కనుక్కోండి, చాలాసార్లు అది లింకు డాక్యుమెంట్లలోనే, అంటే స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజుల్లోనే ఉంటుంది.

బయానా పోతుందనా బాధ? ఆ 50 వేలు మీ ఫైనాన్షియర్‌కు ఒక్క నెల వడ్డీ.