అసిమోవ్‌ని "ఫౌండేషన్"తో మొదలుపెట్టి ఆగిపోయారా?

సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ రాసిన "ఫౌండేషన్" చదవడం సగంలో ఆగిపోయిందని, అంతా మాటలే తప్ప మనుషులు గుర్తుండటం లేదని మీరు రాశారు. చాలామందికి అక్కడే బ్రేక్ పడుతుందండి. 1951లో పుస్తకంగా వచ్చినా, అందులో ఎక్కువ భాగం 1942-44 మధ్య పత్రికలో విడివిడిగా వచ్చిన కథలే. కథకీ కథకీ మధ్య దశాబ్దాలు గడుస్తాయి, పాత్రలు మారిపోతాయి. ఒకే నవల అనుకుని చదివితే పట్టు దొరకదు.

దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, "ఐ, రోబోట్" కథల సంపుటిలోని "రనరౌండ్" చదవండి. బుధగ్రహం మీద సెలీనియం తెమ్మని పంపిన రోబో ఆ సెలీనియం మడుగు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అసిమోవ్ కథల్లో రోబోలకు కొన్ని సూత్రాలుంటాయి: ఆజ్ఞ పాటించాలన్న సూత్రం దాన్ని ముందుకు లాగుతుంది, అక్కడి ప్రమాదం నుంచి తనను తాను కాపాడుకోవాలన్న సూత్రం వెనక్కి లాగుతుంది. రెండూ సరిసమానమైన చోట ఇరుక్కుపోయింది. దాన్ని ఎలా బయటపడేస్తారో చెప్పను, మీరే చదవాలి! అందులో యంత్రాల వర్ణన పాతబడింది, నిజమే. కానీ మనం పెట్టిన నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తూనే యంత్రం మనం ఊహించనిది చేస్తే ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడే ఇంకా పదునెక్కింది. నాకు అసిమోవ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

తర్వాత "ది లాస్ట్ క్వశ్చన్". చిన్న కథ, ఒక్క బిగిన అయిపోతుంది. పాత్రల లోతు కావాలంటే "ది కేవ్స్ ఆఫ్ స్టీల్" నవల చదవండి, అందులో రోబోలంటే గిట్టని డిటెక్టివ్‌కి రోబోనే జోడీగా వస్తుంది.

ఆ తర్వాత "ఫౌండేషన్"కి తిరిగి రండి, రోజుకో కథ చొప్పున.