ఇంట్లోని పాత పనిముట్లను మ్యూజియానికి ఇచ్చే ముందు

మీ మామ్మగారు కాలం చేశాక ఇంట్లో మిగిలిన రాట్నం, పత్తి దువ్వే వాలుగ చేప దవడ, బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు మ్యూజియానికి ఇవ్వవచ్చా అని అడిగారు. తప్పకుండా ఇవ్వవచ్చు. అయితే వస్తువుతోపాటు దానితో చేసే పని ఎలా ఉంటుందో కూడా రాసి ఇవ్వండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు దగ్గరి పల్లె. మా అమ్మ నలభై ఏళ్లకు పైగా నూలు వడికింది. ఆమె వాడిన వాలుగ దవడను నేను ఒక ప్రదర్శనశాలకు ఇచ్చాను. మరుసటి ఏడాది అమ్మను తీసుకుని వెళ్తే, అద్దాల పెట్టెలో దాని కింద ‘చేప ఎముక’ అని మాత్రమే రాసి ఉంది. అమ్మ ఆ చీటీని చాలాసేపు చూసి, “దీంతో ఏం చేస్తారో చూసినవాళ్లకెలా తెలుస్తుంది బాబూ?” అని అడిగింది. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఇచ్చేటప్పుడు నేనూ ఏమీ చెప్పలేదు.

ఆ రాత్రే ఆమె చెప్పినదంతా రాసుకున్నాను. గింజ తీయని కొండపత్తిని కొద్దికొద్దిగా పట్టుకుని, ఆ దవడకున్న సన్నని పళ్ల వరుసతో దువ్వితే ఆకుముక్కలూ నలుసులూ రాలిపోయి పోగులన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి. తరువాత చెక్క మీద ఇనుప కడ్డీని దొర్లించి గింజ తీసి, వింటితో ఏకి, ఏకులనే సన్నని దూది చుట్టలు చుట్టి, అవి మాసిపోకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడుకుతారు. దవడ ఒక పక్క నున్నగా ఉండటానికి కారణం అమ్మ బొటనవేలే. ఆ కాగితం ఇచ్చాక వారు చీటీ మార్చారు.

వీలైతే వస్తువు పుట్టిన ఊరికి దగ్గరలోని మ్యూజియాన్నే ఎంచుకోండి. వంశధార ఒడ్డున శాలిహుండంలో, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రంలో, తవ్వకాల్లో దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలను అక్కడి మ్యూజియంలోనే చూడవచ్చు. విగ్రహాన్ని చూసిన కళ్లతోనే కొండెక్కి స్తూపాలనూ, కింద నదినీ చూస్తే కలిగే ఎరుక దూరపు నగరంలోని గదిలో కలగదు.

చెంబును మెరిపించాలని చింతపండుతో తోమకండి. చెక్కిన గీతలు అరిగిపోతాయి. వస్తువులకు ఫొటోలు తీసి, ఇచ్చినట్లు రసీదు తీసుకోండి.

ఇక మామ్మగారు లేరు గనుక, ఆమెతో కలిసి వడికినవారు ఊళ్లో ఎవరైనా ఉంటే ముందు వారి దగ్గరకు వెళ్లండి. దవడతోపాటు గుప్పెడు పత్తి కూడా పట్టుకెళ్లండి. మాటల్లో చెప్పమంటే మా అమ్మ కూడా మొదట తడబడింది. పత్తి చేతికిచ్చాకే ఒక్కొక్కటీ వరుసగా చెప్పగలిగింది.