పదకొండేళ్ల పిల్లవాడికి స్కైరిమ్ కొనివ్వవచ్చా?

పదకొండేళ్ల అబ్బాయి "డ్రాగన్లను చంపే ఆటే కదా" అంటూ స్కైరిమ్ అనే వీడియో గేమ్ కోసం పట్టుబడుతున్నాడు, కొనివ్వవచ్చా అన్నది ప్రశ్న. ఇప్పుడే వద్దు అంటాను.

2011లో వచ్చిన ఈ ఆటకు, ఏ ఆట ఏ వయసుకు తగినదో చెప్పే సంస్థలైన అమెరికాలోని ఇ.ఎస్.ఆర్.బి. 17 ఏళ్లు, యూరప్‌లోని పెగీ 18 ఏళ్లు నిండాలని గుర్తు వేశాయి. ఎందుకో ఆట మొదట్లోనే తెలుస్తుంది. చేతులు కట్టేసిన ఖైదీలను బండిలో తెస్తారు. ఒకడి మెడను మొద్దు మీద ఆనించి గొడ్డలితో నరుకుతారు. తర్వాతి వంతు మన పాత్రదే. ఇంతలో డ్రాగన్ విరుచుకుపడుతుంది.

రక్తం కన్నా నాకు ఎక్కువ బెంగ కథ గురించే. ఒక అనాథ బాలుడు, తనను హింసించిన ఆశ్రమం పెద్దావిడను చంపమని వేడుకుంటాడు. చంపితే హంతకుల ముఠాలోకి దారి తెరుచుకుంటుంది. పెద్దవాళ్లను ఆలోచనలో పడేసే ఘట్టమే అది, కానీ ఆ వయసు పిల్లవాడు ఒంటరిగా మోయాల్సిన బరువు కాదు.

ఏ ఆటకైనా గుర్తు చూసి ఆగిపోకండి. యూట్యూబులో ఎవరైనా ఆడిన మొదటి గంట మీరే చూడండి.

కొండలెక్కడం, గుర్రపు స్వారీ, రాక్షసులతో పోరు కావాలంటే 2017 నాటి జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ మేలు. ఓడిన రాక్షసులు పొగలా మాయమవుతారు, రక్తం కనబడదు. ఇ.ఎస్.ఆర్.బి. దానికి పదేళ్లు దాటితే చాలంది. అయితే అది ఆడాలంటే నింటెండో కంపెనీ గేమ్ పరికరం ఉండాలి.